వయా ప్లెయిన్స్‌బరో

అక్టోబర్ 6, 2012, శనివారం

మా ఆవిడ రేణుని పొద్దున్నే న్యూజెర్సీ విమానం ఎక్కించి వచ్చాను. ప్లెయిన్స్‌బరోలో అమ్మాయి దేదీప్యకి నవంబర్ మధ్యలో డెలివరీ అన్నారు. తల్లి వెళ్ళక తప్పదు. ఫ్రీజర్ నిండా డబ్బాలు పెట్టి, ఒక్కోదాని మీద కూర పేరు రాసి వెళ్ళింది. ఎయిర్‌పోర్ట్‌లో దిగుతూ, "వాడి ప్రయాణానికి నేను రాలేను. మీరిద్దరూ జాగ్రత్త" అంది. ఇద్దరు మగాళ్ళం ఒక ఇంట్లో ఉండటానికి జాగ్రత్త దేనికో నాకు అర్థం కాలేదు.

వాడి ప్రయాణం అంటే తేజేశ్వర్ ప్రయాణం. నవంబర్ 18న డబ్లిన్ వెళ్తున్నాడు, అక్కడ ఉద్యోగం. ఐర్లండ్ వాళ్ళు నూట యాభై ఏళ్ళుగా ఓడలెక్కి ఇటొస్తుంటే మావాడు అటు బయల్దేరాడు. ఈ కబురు ఆగస్టులో రేణు చెప్పింది. వాడు పక్క గదిలోనే ఉన్నాడు. వాడికి వినబడేలా "మంచిదే" అన్నాను. మంచిదే కదా మరి. ఇరవై నాలుగేళ్ళవాడు డెట్రాయిట్ పక్కన మా ఫార్మింగ్టన్ హిల్స్‌లో అమ్మానాన్నల ఇంట్లో కూర్చుని ఏం చేస్తాడు?

నాకేం బాధ లేదు.

అక్టోబర్ 8, సోమవారం

సాయంత్రం సోఫాలో కూర్చుని వార్తలు చూస్తుంటే న్యూజెర్సీ నుంచి రేణు ఫోన్.

"ఏవండీ, బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషీన్ కారుతోందట, చూడండి."

"ఎవరు చెప్పారు?"

"తేజ."

"వాడెక్కడున్నాడు?"

"బేస్‌మెంట్‌లోనే, మెషీన్ పక్కన."

వెనకాల పైపు బిగించమని చెప్పు అన్నాను. చెప్పింది. రెంచ్ ఎక్కడుందని అడిగాడట. గరాజ్‌లో ఎర్ర డబ్బాలో అన్నాను. అదీ చెప్పింది. పన్నెండు మెట్ల కింద నుంచి రావాల్సిన వార్త ఆరువందల మైళ్ళు వెళ్ళి, మళ్ళీ ఆరువందల మైళ్ళు వచ్చింది. అయినా కారడం ఆగింది. పద్ధతిలో లోపమేమీ లేదు.

మా నాన్నతో నేనూ ఇంతే. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఇటు మాట అటూ అటు మాట ఇటూ చేరవేసేది. తండ్రీకొడుకులు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటే మాటకు మాట పెరుగుతుంది. పెద్దవాళ్ళు తెలివైనవాళ్ళు.

అక్టోబర్ 11, గురువారం

తెలుగు సంఘం ప్రెసిడెంట్ జగదీష్ ఫోన్ చేశాడు. నవంబర్ పదిహేడున దీపావళి ఫంక్షన్‌కి ఎప్పటిలాగే నా నాటిక కావాలట. తొమ్మిదేళ్ళుగా రాసి, ఆడించి, ముఖ్యపాత్ర వేసి నా దగ్గర సరుకు అయిపోయిందని చెప్పాలనుకున్నాను. "రాస్తున్నాను" అని చెప్పాను.

"సార్, మనోళ్ళకి సీరియస్ నడవది. నవ్వుండాలె. నిరుడు మీ నాటకంల మనిషి సచ్చిపోతుంటే నాచో చిప్స్ కౌంటర్ కాడ లైన్ కట్టిన్రు."

వీడితో నాకు తొమ్మిదేళ్ళుగా ఇదే గోల.

అక్టోబర్ 14, ఆదివారం

కథ దొరికింది! బేస్‌మెంట్‌లో తేజ కాలేజీ పుస్తకాల అట్టపెట్టెలో ఉంది. కంప్యూటర్ సైన్స్ చదువుతూ ఐరిష్ డ్రామా అని ఒక కోర్సు తీసుకున్నాడు. అదెందుకని అప్పట్లో రేణు ద్వారా అడిగాను. క్రెడిట్స్ కోసం అని రేణు ద్వారా జవాబొచ్చింది.

చిన్న నాటకం. ఒక దీవిలో పడవవాడు. తెల్లారితే కొడుకుని అమెరికా ఓడ దగ్గరికి తన పడవలోనే దింపాలి. పడవకి చిల్లు పడిందంటూ లేని చిల్లు కోసం వెతుకుతూ ఉంటాడు. తండ్రి ఏదైనా మాట్లాడతాడేమో అని కొడుకు చూస్తాడు. తండ్రి గాలి గురించి, తెడ్డు గురించి చెప్తాడు. అంతే. ఓడ వెళ్ళిపోతుంది.

ఆ తండ్రి హుందా అయిన మనిషి. నాకు బాగా నచ్చాడు. కొడుకే ఉత్త తలతిక్క వెధవ. తండ్రి మనసు ఆ మాత్రం తెలుసుకోలేడా?

తండ్రి మాటల పక్కన తేజ అక్కడక్కడా పెన్సిల్‌తో ఇంగ్లీషులో 'డాడ్' అని రాసి, కింద గీత గీశాడు. ఏ మాట ఎవరిదో గుర్తుండటానికి కాబోలు.

అక్టోబర్ 15

నాకేం బాధ లేదు.

అక్టోబర్ 19, శుక్రవారం

తెలుగు చేయడం పూర్తయింది. దీవిని కాకినాడ తీరానికి తెచ్చాను. కాలం 1930. అమెరికాని రంగూన్ చేశాను. ఆ రోజుల్లో మనవాళ్ళు రంగూన్ వెళ్ళే స్టీమరు దూరాన నిలబడితే, పడవలో వెళ్ళి ఎక్కేవారు. అచ్చు గుద్దినట్టు కుదిరింది. తండ్రి అప్పన్న, అంటే నేను. కొడుకు సింహాచలం.

ఒకటే చిక్కు. మూలంలో నలభై ఒక్క చోట 'నిశ్శబ్దం' అని ఉంది. లెక్కపెట్టాను. మన సభలో రెండు సెకన్లు మాట వినబడకపోతే మైకు పోయిందనుకుంటారు. అందుకని నలభై ఒకటీ తీసేసి మాటలు నింపాను. చివర్లో కొడుకు "నాన్నా, ఏమన్నా చెప్తావా?" అంటే అసలు నాటకంలో తండ్రి నోరు విప్పడు. నేను రెండు పేజీల డైలాగు రాశాను. ఎంత వెలితిగా ఉండేది, ఎంత నిండుగా తయారైంది!

అక్టోబర్ 24, బుధవారం

సింహాచలం వేషానికి ఒప్పుకున్న శశికాంత్ రావట్లేదు. క్లయింట్ సోమవారానికల్లా దేశం ఆ చివర బాతెల్‌లో ఉండమన్నాడట. "వీసా వాళ్ళ చేతుల్లో ఉంది, ఏం చేయను సార్" అని ఏడుపు గొంతుతో అన్నాడు. హెచ్-1బి మీద ఉన్నవాణ్ణి ఏమంటాం?

రేణుతో చెప్పుకుని బాధపడ్డాను. అరగంటలో మళ్ళీ ఫోన్. "తేజ వేస్తానంటున్నాడు. మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఇమ్మన్నాడు."

"నేనేం అడగలేదే!"

"నేనడిగాను" అంది.

అక్టోబర్ 26, శుక్రవారం

లివింగ్ రూమ్‌లో మొదటి రిహార్సల్. సోఫా పడవ. వాడి తెలుగులో 'ళ' లేదు, 'ణ' లేదు, ఒత్తులు అసలే లేవు. కాకినాడ పడవవాడి కొడుకు డెట్రాయిట్‌లో పుట్టినట్టు మాట్లాడాడు.

దర్శకుడిగా ఒక్క మాట అన్నాను, స్క్రిప్టు వంక చూస్తూ. "ఇక్కడ తండ్రి మీద కోపం కనబడాలి."

"కనబడతది" అన్నాడు.

నిజమే, బాగా కనబడింది.

అక్టోబర్ 28, ఆదివారం

గొడవ. రేణుని స్పీకర్‌లో పెట్టి, ఫోన్‌ని టీపాయ్ మీద ఉంచి, ఇద్దరం దాని వంక చూస్తూ పోట్లాడుకున్నాం.

"అమ్మా, డాడీకి చెప్పు. సైలెన్సెస్ అన్నీ కట్ చేసేశాడు. దట్ ఈజ్ ద ప్లే."

"నోరు మూసుకుని నిలబడితే నాటకం ఎలా అవుతుందో అడుగు."

"ఆ ఫాదర్‌కి చెప్పాలని ఉంది, చెప్పలేడు. అది చూసేవాళ్ళకి తెలియాలి."

"చెప్పలేడని ఎవరన్నారు? రెండు పేజీలు చెప్పాడు కదా నా స్క్రిప్టులో!"

"స్క్రిప్ట్‌లో చెప్పాడు" అన్నాడు తేజ. ఇది మాత్రం ఫోన్ వంక చూసి అనలేదు.

టీపాయ్ మీద నుంచి రేణు అంది: "ఇక్కడ గాలి మొదలైంది. టీవీలో తుఫాను తుఫాను అంటున్నారు. కొవ్వొత్తులు కొనుక్కోవాలి. మీ నాటకం వినే ఓపిక నాకు లేదు." పెట్టేసింది.

అక్టోబర్ 30, మంగళవారం

శాండీ తుఫాను రాత్రి న్యూజెర్సీ మీద పడింది. రేణు ఫోన్ కలవట్లేదు. దేదీప్యదీ, అల్లుడిదీ కలవట్లేదు.

తేజ కిందికొచ్చాడు. "అమ్మకి ఫోన్ వెళ్ళట్లేదు."

"నాకూ అంతే."

"అక్కకి?"

"ఊహూ."

వెళ్ళలేదు వాడు. సోఫా ఆ చివర కూర్చున్నాడు. చెట్లు విరిగిన ఇళ్ళనీ, నీళ్ళలో తేలే కార్లనీ టీవీలో చూస్తూ మధ్యాహ్నం దాకా ఉన్నాం. వాడు ఆఫీసుకి వెళ్ళలేదు, నేనూ వెళ్ళలేదు. నిండు నెలల పిల్ల. రిమోట్‌ని తిరగేసి పట్టుకుని నొక్కుతున్నాను. వాడు చూశాడు. కాఫీ పెట్టి తెచ్చాడు. పంచదార ఎక్కువైంది. అయినా తాగేశాను.

నవంబర్ 1, గురువారం

తెల్లవారుజామున ఐదింటికి గరాజ్‌లోకి వెళ్ళాను. కారు డిక్కీలో నీళ్ళ సీసాలు, టార్చిలైట్లు, అటుకులు, రెండు దుప్పట్లు సర్దుకుని న్యూజెర్సీ బయల్దేరదామని. పక్కన తేజ కారు డిక్కీ తెరిచి ఉంది. నీళ్ళ సీసాలు, బ్యాటరీలు, బ్రెడ్డు, రెండు దుప్పట్లు. వాడు షూ లేసులు కట్టుకుంటున్నాడు.

"ఎక్కడికి?" అన్నాను.

"నువ్వెక్కడికి?" అన్నాడు.

ఇద్దరం ఒకే కారులో వెళ్ళొచ్చన్న సంగతి ఇద్దరికీ తోచలేదు. పది గంటల డ్రైవ్! సామాను ఒక కారులోకి మారుస్తుంటే ఎవరిదో కొత్త నంబరు నుంచి మెసేజ్ వచ్చింది: 'అందరం క్షేమం. కరెంటు లేదు. రావద్దు. రేణు.'

రావద్దు అని ఎలా రాసిందో. మా ఇద్దర్నీ బాగా ఎరిగిన మనిషి. తేజ డిక్కీ మూసి దాని మీదే కూర్చుండిపోయాడు. నేనూ కూర్చున్నాను. కాసేపటికి అటుకుల సంచి విప్పి తిన్నాం.

నవంబర్ 3, శనివారం

ప్లెయిన్స్‌బరోలో కరెంటు వచ్చింది. నా ప్రాణం కుదుటపడింది. ఈ నాలుగు రోజుల్లో పేరుకున్న కబుర్లన్నీ రేణుకి వరసగా చెప్పాను, తేజకి అందించమని. కారు అమ్మితే టైటిల్ కాగితం జాగ్రత్త అనీ, మంచి చలికోటు కొనుక్కోమనీ.

అంతా విని, "అయిందా?" అంది. "వాడు నాతో ఏమన్నాడో తెలుసా? 'డాడీకి నేను వెళ్ళడం హ్యాపీయే కదా' అన్నాడు. మీరన్న ఒకే ఒక్క ముక్క, మంచిదే అని. దాన్ని పట్టుకుని కూర్చున్నాడు వెర్రివెధవ."

"అలా కాదని చెప్పు వాడికి."

"చెప్పను. ఎన్నేళ్ళు చెప్పాలి? ఈ పోస్టాఫీసు ఇవాళ్టితో బంద్. వాడు ఓడ... అదే, విమానం ఎక్కేలోగా మీ నోటితో మీరే చెప్పండి. లేకపోతే వాడు అదే అనుకుంటూ పోతాడు. మీరు కూడా ఇలాగే పోతారు."

చివరి వాక్యం అనవసరం.

నవంబర్ 6, మంగళవారం

చెప్పడానికి పదిహేను రోజులు కూడా లేవు కాబట్టి ఇవాళే తేల్చేద్దామని వాడి గదికి వెళ్ళాను. తలుపు కొట్టాను. మన ఇంట్లో మన తలుపు మనం కొట్టడం ఏమిటో. వాక్యం సిద్ధం చేసుకున్నాను: 'తేజా, నువ్వు వెళ్తుంటే నాకు బాధగా ఉంది.' తెలుగులో ఇంతకంటే చిన్న వాక్యం కుదరదు.

తలుపు తీశాడు.

"టైర్లలో గాలి చూసుకున్నావా?" అన్నాను.

"కారు సాటర్‌డేనే అమ్మేశా, డాడీ."

"మంచిదే" అన్నాను.

మళ్ళీ అదే మాట!

నవంబర్ 9, శుక్రవారం

ఉపాయం తట్టింది. నా మనసులో ఉన్నదంతా అప్పన్న నోట పెట్టేస్తాను. చివరి డైలాగు రెండు పేజీలు మూడయింది. పుట్టుక, పెంపకం, పరదేశం, ధర్మం, ఆరోగ్యం, అన్నీ వచ్చాయి. రాస్తూ నేనే కళ్ళు తుడుచుకున్నాను. రేణు షరతు నెరవేరినట్టే. నా నోటితోనే కదా చెప్పేది.

రిహార్సల్‌లో గొంతెత్తి చదివాను. పూర్తయ్యేసరికి తేజ ఫోన్ చూసుకుంటున్నాడు.

"ఎలా ఉంది?" అన్నాను.

"ఇట్స్ లాంగ్."

"అర్థమయిందా?"

"ధర్మం దాకా అయింది."

నవంబర్ 14, బుధవారం

మనవరాలు! తల్లీబిడ్డా క్షేమం. తేజ ఆఫీసు నుంచి నాకే ఫోన్ చేసి "కంగ్రాట్స్ తాతా" అన్నాడు. నేను "మంచిదే" అనబోయి నాలుక కరుచుకున్నాను. నిజంగానే కరుచుకున్నాను, ఇంకా మండుతోంది.

నవంబర్ 18, ఆదివారం, మధ్యాహ్నం

నిన్నటి సంగతి వివరంగా రాయాలి.

హైస్కూల్ ఆడిటోరియం నిండింది. పిల్లల డాన్సులు పద్నాలుగు అయ్యాక మమ్మల్ని ఎక్కించారు. మొదట్లో బాగానే నడిచింది. నేను లేని చిల్లు వెతుకుతుంటే నవ్వారు. తేజ 'స్టీమరు' అన్నప్పుడు, ఆ ఒక్క మాటా అంత శుద్ధంగా పలికినందుకు చప్పట్లు కొట్టారు.

చివరి ఘట్టం. వాడు ట్రంకు పెట్టె భుజాన పెట్టుకుని, నా వంక తిరిగి, "నాన్నా, ఏమన్నా చెప్తావా?" అన్నాడు.

మూడు పేజీలు. ఒక్క ముక్క గుర్తు రాలేదు. ఎదురుగా ఆ పెట్టె పట్టుకుని నా కొడుకు. రేపీపాటికి నిజంగానే ఉండడు. నోరు తెరిచాను, మాట రాలేదు. ఎంతసేపో తెలియదు.

పక్క నుంచి జగదీష్ "మైక్! మైక్ పోయింది!" అన్నాడు. సౌండ్ కుర్రాడు 1930 నాటి బంగాళాఖాతం మధ్యలోకి స్నీకర్స్‌తో నడిచొచ్చి, నా ముందున్న మైకు పీకి, ఇంకోటి పెట్టి, "హలో, చెక్, చెక్" అని వెళ్ళాడు. హాలంతా గొల్లున నవ్వింది. వాడు దిగాక కూడా నాకు మాట రాలేదు. నవ్వులు తగ్గాయి.

"వెళ్ళకురా" అన్నాను.

తేజ మొహం మారిపోయింది. గొంతు తగ్గించి, "డాడీ, అది స్క్రిప్ట్‌లో లేదు" అన్నాడు. కొత్త మైకు బ్రహ్మాండంగా పనిచేస్తోంది. హాలంతా వినబడింది.

"లేదు. నాకు తెలుసు."

"మంచిదే అన్నావు కదా?"

"అబద్ధం చెప్పాను."

అప్పుడు వెనక వరసలోంచి పద్మనాభం గారు లేచారు. ఎనభై ఏళ్ళాయన, కొడుకు దగ్గర ఉంటున్నారు. చెవి సరిగా వినబడదు. "ఏమన్నాడు? నాకు వినబళ్ళేదు! వన్స్ మోర్!" అని అరిచారు. అంతే, హాలు మొత్తం అందుకుంది. వన్స్ మోర్, వన్స్ మోర్. తొమ్మిదేళ్ళలో నా నాటకానికి వన్స్ మోర్ రావడం ఇదే మొదలు.

జన్మకొకసారి అనడమే గగనమైన మాట మళ్ళీ అనమంటున్నారు! తేజ వంక చూశాను. పెట్టె కింద పెట్టాడు. "చెప్పు డాడీ, అడుగుతున్నారు కదా" అన్నాడు.

చివరి వరసలో ఉన్న చెవిటి పెద్దమనిషికి కూడా వినబడేలా, "వెళ్ళకురా!" అని అరిచాను.

వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. "వెళ్ళాలి డాడీ. కానీ నువ్వు వద్దన్నావు. అది చాలు. ఇప్పుడు వెళ్తా." ఇదీ స్క్రిప్టులో లేదు. తర్వాత ఇద్దరం ఆ అట్టపడవని ఎటు తోశామో, తెర ఎప్పుడు పడిందో నాకు తెలియదు.

లోపల జగదీష్ నన్ను కౌగలించుకున్నాడు. "ఏం కామెడీ సార్! ఆ మైక్ పోరన్ని గూడ ముందే సెట్ జేస్కున్నరా?" ఉత్తమ హాస్య నాటిక షీల్డు మాకే ఇచ్చారు.

ఇవాళ ఉదయం తేజని ఎయిర్‌పోర్ట్‌కి నేనే తీసుకెళ్ళాను. డిపార్చర్స్ దగ్గర ఎక్కువసేపు ఆపనివ్వరు. సూట్‌కేసులు దించాను. కోటు బొత్తాలు పెట్టుకోమన్నాను. వాడు వంగి నన్ను గట్టిగా వాటేసుకున్నాడు, అమెరికా పిల్లల పద్ధతి. చేతులు ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు, వాడి బ్యాగు మీద పెట్టాను. వెనక కారు వాడు హారన్ కొట్టాడు. నేను కదల్లేదు. వాడు ఇంకోసారి కొట్టాడు.

ఇంటికొచ్చి ఏడ్చాను. నాకు చాలా బాధగా ఉంది.

నవంబర్ 20

వాడి గదిలో లైటు వేసి ఉంచాడు, ఎప్పటిలాగే. నేను ఆర్పలేదు.

నవంబర్ 25, ఆదివారం

పొద్దున తేజ ఫోన్. నా సెల్‌కి. అరెరె, రేణు ఫోన్ పనిచేయట్లేదేమో, మళ్ళీ ఏమైందో అని గుండె ఆగినంత పనైంది.

"డాడీ, రైస్ కుక్కర్‌లో గ్లాసు బియ్యానికి నీళ్ళు ఎన్ని?"

పుట్టినప్పట్నుంచీ అన్నం తింటున్నాను, నాకేం తెలుసు? అయినా తండ్రిని. "రెండు" అన్నాను. "మీ అమ్మని కనుక్కుని చెప్తానుండు."

"అక్కర్లేదు. అమ్మ చెప్పింది నిన్ననే. వండుకుని తినేశా కూడా."

"మరి నన్నెందుకు అడిగావురా?"

"ఏదో ఒకటి అడగాలి కదా" అన్నాడు.

తర్వాత డబ్లిన్ వాన గురించి చెప్పాడు. పక్క గదిలో ఎవరో ముసలాయన వీణ్ణి నిలబెట్టి, మీ నాన్న ఏం చేస్తాడని అడిగాడట. కార్ల బ్రేకులు టెస్ట్ చేస్తాడు, నాటకాలు రాస్తాడు అని చెప్పాడట. నేను ఇంటి కప్పు గటర్లలో ఆకులు తీసిన సంగతీ, నడుం పట్టేసిన సంగతీ చెప్పాను. ఈ వయసులో నిచ్చెన ఎక్కుతావా అని నన్ను కోప్పడ్డాడు. నేనూ కోప్పడ్డాను. మాటకు మాట పెరిగి గంట దాటింది.

పెట్టగానే రేణు ఫోన్. "ఎప్పట్నుంచి చేస్తున్నాను, లైను బిజీ! ఎవరితో అంతసేపు?"

"తేజతో."

"నాకేమైనా చెప్పమన్నాడా?" అంది.

లేదన్నాను.